ఆకాశం నుంచి దింపు

మా మేనల్లుడికి బెంగళూరులో ఉద్యోగం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని అమలాపురం తిరిగొస్తుంటే, కారులోనే వాళ్ళమ్మకి చల్లగా చెప్పాడు, వచ్చే నెల విమానంలోంచి దూకబోతున్నానని. మా అక్క ముందు నమ్మలేదు. ఫోన్లో బుకింగ్ చూపించాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగింది ఒక్కటే.

"ఆ గొడుగు తెరుచుకోకపోతేనో?"

"మావయ్యా, నువ్వు చెప్పవా" అని వాడు నా మీదకి తోశాడు.

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. టెర్మినల్ వెలాసిటీ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా ఆ పూట అక్కకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత కూర్చుని చదివాను, దూకి వచ్చినవాళ్ళని పట్టుకుని అడిగాను. అక్క ప్రశ్నకి గట్టి జవాబే ఉంది. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది, ప్రాణాలు ఎక్కువగా దాని దగ్గరే పోతున్నాయి. దాన్ని మాత్రం బయటివాళ్ళెవరూ అడగరు.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం. బీచిలో పడవకి తాడు కట్టి మనిషిని పైకి లేపేది పారాసెయిలింగ్. కొండవాలున గుడ్డరెక్క పరిచి, పరుగెత్తి గాల్లోకి లేచేది పారాగ్లైడింగ్. కట్టడాల మీంచో కొండ అంచు మీంచో దూకేది బేస్ జంపింగ్. అందులో రెండో పారాచూట్ వాడుకునే వ్యవధే ఉండదు, అందుకే దాన్ని వేరే ఆటగా, చాలా ప్రమాదకరమైన ఆటగా చూస్తారు. స్కైడైవింగ్ అంటే ఎగురుతున్న విమానంలోంచి దూకి, కొంతసేపు ఒట్టి ఒంటితో పడి, ఆ తర్వాత పారాచూట్ తెరిచి అనుకున్న చోట దిగడం. మామూలుగా 10,000 నుంచి 13,000 అడుగుల ఎత్తులో దూకుతారు. రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెన రోడ్డు దారి అప్రోచ్‌లతో కలిపి నాలుగు కిలోమీటర్ల పొడవు. దాన్ని నిలువునా నిలబెడితే 13,000 అడుగులు. వెయ్యి అడుగులకి రెండు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి, అమలాపురంలో 34 డిగ్రీలు ఉక్కపోస్తుంటే ఆ తలుపు దగ్గర ఎనిమిది డిగ్రీలే ఉంటుంది.

పడటం

కొబ్బరికాయ 60 అడుగుల చెట్టు మీంచి రాలితే నేలని తాకడానికి రెండు సెకన్లు. తాకే వేళకి దాని వేగం గంటకి 60 కిలోమీటర్లు దాటిపోతుంది. మరి నాలుగు కిలోమీటర్ల ఎత్తు నుంచి పడే మనిషి వేగం ఎక్కడిదాకా పోవాలి? గాలి లేకపోతే పోతూనే ఉంటుంది. గాలి ఆపుతుంది. బండి వెనక కూర్చుని చెయ్యి చాపినవాళ్ళకి ఇది తెలుసు: 40లో చేతిని తోసే గాలి 80లో రెట్టింపు తోయదు, నాలుగింతలు తోస్తుంది. పడే మనిషికీ అంతే. వేగం పెరిగేకొద్దీ కింది నుంచి గాలి తోపు అంతకంత పెరిగి, పది పన్నెండు సెకన్లలో మనిషి బరువుతో సరిసమానం అవుతుంది. ఇక వేగం పెరగదు, టెర్మినల్ వెలాసిటీ అంటే ఇదే. బోర్లా పడుకున్న భంగిమలో గంటకి సుమారు 190 నుంచి 200 కిలోమీటర్ల దగ్గర నిలిచిపోతుంది. అంటే సెకనుకి మూడు కొబ్బరిచెట్ల ఎత్తు. తలకిందులుగా నిటారుగా పడితే గాలికి అడ్డు తగ్గుతుంది, 250 దాటుతుంది.

మొదటి వెయ్యి అడుగులకి దాదాపు పది సెకన్లు, ఆ తర్వాత ప్రతి వెయ్యికీ అయిదున్నర. 13,000 దగ్గర దూకి 5,000 దగ్గర పారాచూట్ లాగితే మధ్యలో ఉండేది 50 సెకన్లలోపే.

జెయింట్ వీల్ దిగేటప్పుడు కడుపులో కలుగుతుందే ఖాళీ, అది ఇక్కడ దాదాపు ఉండదని దూకినవాళ్ళంతా చెబుతారు. విమానం అప్పటికే గంటకి 150 కిలోమీటర్ల పైన ముందుకి పోతూ ఉంటుంది. బయటికి రాగానే ఆ గాలి ముందు నుంచి పట్టుకుంటుంది, వేగం కిందికి మళ్ళేకొద్దీ గాలి దిశా మెల్లగా కింది నుంచి మొదలవుతుంది. ఒక్కసారిగా జారినట్టుండదు, గాలి మీద వాలినట్టుంటుంది.

ఆ గాలి మీదే ఆటంతా. నడుముని ముందుకి నెట్టి వెన్ను విల్లులా వంచి, చేతులూ కాళ్ళూ విప్పి, ఒళ్ళు వదులుగా పెడితే మనిషి నిలకడగా పడతాడు. బిగుసుకుంటే తూలిపోతాడు. మా కాలువల్లో పిల్లలకి వెల్లకిలా తేలడం నేర్పేటప్పుడు "ఒళ్ళు వదులు, నీళ్ళే మోస్తాయి" అంటాం. అక్కడ శిక్షకులు చెప్పేదీ దాదాపు అదే. ఒక చెయ్యి కాస్త వంచితే మలుపు, కాళ్ళు చాపితే ముందుకి, ముడిస్తే వెనక్కి.

ఒకప్పుడు ఇదంతా అసాధ్యమనుకున్నారు. అంత వేగంగా పడితే స్పృహ తప్పుతుందని, చెయ్యి కదపడమే కుదరదని నమ్మేవారు. అందుకే పారాచూట్ తాడుని విమానానికే కట్టేసేవారు. 1919 ఏప్రిల్ 28న అమెరికాలోని ఒహాయోలో లెస్లీ ఇర్విన్ అనే ఆయన విమానంలోంచి దూకి, కొంత దూరం ఒంటిగా పడి, తన చేత్తోనే తాడు లాగి పారాచూట్ తెరిచాడు. దిగేటప్పుడు చీలమండ విరిగింది కానీ మాట నెగ్గింది. చీలమండ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానికే వస్తాను.

తెరుచుకోవడం

విసురువల వేసేవాణ్ణి దగ్గర నుంచి చూసినవాళ్ళకి పారాచూట్ సగం అర్థమైనట్టే. మణికట్టుకి తాడు, మోచేతి మీద కొంత వల, అంచు కొస పళ్ళ మధ్య. ఆ మడతలు వరసగా ఉంటే వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని, సీసపు గుళ్ళు చుట్టూ ఒకేసారి నీళ్ళని తాకుతాయి. ఒక్క మడత మీద మడత పడిందా, వల ముద్దగా పడుతుంది. నైపుణ్యం విసరడంలో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, అసలు పని అంతకు ముందే, గట్టున నిలబడి మడతలు సర్దుకునేటప్పుడే అయిపోతుంది.

పారాచూట్‌దీ అదే కథ. వీపు మీద సంచిలో రెండుంటాయి, కింద మెయిన్, పైన రిజర్వ్. దూకిన మనిషి సంచి అడుగున ఉన్న పిడిని పట్టి ఒక చిన్న గొడుగుని గాల్లోకి విసురుతాడు. దాన్ని పైలట్ చూట్ అంటారు. గాలి దాన్ని లాగుతుంది, దాని పట్టీ సంచికి వేసిన పిన్నుని లాగుతుంది, మడిచిన పారాచూట్ ఉన్న లోపలి సంచి పైకి లేస్తుంది. రబ్బరు బ్యాండ్లలో అటూ ఇటూ వరసగా సర్దిన తాళ్ళు ఒక్కొక్క మడతగా విడిపోయి పూర్తిగా సాగాక, అప్పుడు గుడ్డ బయటపడుతుంది. ఈ వరస తప్పకూడదు. ముందు గుడ్డ, తర్వాత తాళ్ళు వస్తే చిక్కే.

ఇక్కడ ఒక చిన్న గుడ్డముక్క చేసే పని నాకు ఎంతో నచ్చింది. గంటకి 200 కిలోమీటర్లతో పడుతున్న మనిషికి అంత పెద్ద గుడ్డ ఒక్కసారిగా తెరుచుకుంటే ఎముకలు నిలవవు. అందుకని తాళ్ళ గుత్తుల్ని నాలుగు రింగుల్లోంచి పోనిచ్చి, ఆ రింగుల్ని ఒక నలుచదరపు గుడ్డకి బిగిస్తారు. దీన్ని స్లైడర్ అంటారు. పారాచూట్ విచ్చుకోవాలని చూస్తుంటే, కింది నుంచి గాలి స్లైడర్‌ని పైకి నొక్కి తాళ్ళని దగ్గరగా పట్టి ఉంచుతుంది. ఆ రెండింటి పెనుగులాటలో స్లైడర్ మెల్లమెల్లగా కిందికి జారుతుంది, మూడు నాలుగు సెకన్లలో పారాచూట్ పూర్తిగా విప్పారుతుంది. మోటారు లేదు, స్ప్రింగు లేదు. గాలి తోపే గాలికి అడ్డుకట్ట.

ఇంకో మాట. సినిమాల్లో చూసే గుండ్రటి గొడుగు ఇప్పుడు ఈ ఆటలో లేనట్టే. 1797 అక్టోబర్ 22న పారిస్‌లో ఆంద్రే-జాక్ గార్నెరాన్ బెలూన్ నుంచి పట్టు పారాచూట్‌తో దిగినప్పుడు, అది గంటలోని నాలుకలా ఊగిపోయింది. పోగైన గాలి ఏదో ఒక అంచు నుంచి చిందిపోవడమే ఆ ఊగుడికి కారణం. నడినెత్తిన రంధ్రం పెట్టాక ఊగుడు తగ్గింది కానీ, గుండ్రటి పారాచూట్ గాలి ఎటు తీసుకుపోతే అటే పోతుంది. 1960ల్లో డొమినా జాల్బర్ట్ అనే ఆయన దాన్ని మార్చేశాడు. ఆయన గాలిపటాలు చేసే మనిషి. రెండు పొరల గుడ్డ మధ్య అరలు కుట్టి, ముందువైపు తెరిచి వదిలాడు. ఆ నోళ్ళలోంచి గాలి నిండితే గుడ్డే విమానం రెక్కలా బిగుసుకుంటుంది. గొడుగు మనిషిని దించుతుంది, రెక్క మనిషిని ఎగరేస్తుంది. ఇప్పటి పారాచూట్ ముందుకి పోతుంది, చెప్పిన వైపు తిరుగుతుంది.

అక్క ప్రశ్న

తెరుచుకోకపోతే? తెరుచుకోకపోవడం అరుదు. వంకరగా తెరుచుకోవడం, తాళ్ళు మెలిపడటం, గుడ్డ మీదుగా తాడు పోవడం, ఇవి అప్పుడప్పుడూ జరుగుతాయి. అందుకే ప్రతి విద్యార్థికీ ఒక గీత నేర్పుతారు. అమెరికా పారాచూట్ సంఘం నియమాల్లో విద్యార్థులకి అది 2,500 అడుగులు. ఆ ఎత్తుకి మెయిన్ బాగాలేకపోతే, ఇక దాన్ని బాగుచేయాలని చూడకూడదు. కుడి పిడి లాగి మెయిన్‌ని వదిలేయాలి, ఎడమ పిడి లాగి రిజర్వ్ తెరవాలి. వదలకుండా రిజర్వ్ తెరిస్తే రెండూ చుట్టుకునే ప్రమాదం ఉంది.

వదిలేయడం అనేది మాట అన్నంత తేలిక కాదు. మనిషి బరువంతా, తెరుచుకునేటప్పటి ఒడిదుడుకంతా మోసే బంధం అది. అంత గట్టిది, ఒంటిచేత్తో లాగితే క్షణంలో ఊడాలి. గేదెని కట్టిన పలుపు జారుముడి గుర్తుచేసుకోండి. గేదె ఎంత గుంజినా ముడి ఊడదు, రైతు కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే విడిపోతుంది. 1970ల్లో బిల్ బూత్ చేసిన మూడు రింగుల బంధం అలాంటిదే. పెద్ద రింగులోంచి మధ్య రింగు, మధ్య రింగులోంచి చిన్న రింగు మడిచి, చివర సన్నటి తాడు ఉచ్చుతో పట్టి ఉంచుతారు. ఒక్కో రింగు దాటేసరికి లాగుడు కొన్నింతలు తగ్గుతుంది. భుజం దగ్గర వందల కిలోలు మోస్తున్న బంధాన్ని చివరికి పట్టి ఉంచేది ఒక చిన్న ఉచ్చు, దాంట్లోంచి పోయే ఒక నున్నటి తీగ. తీగ జారితే మూడు రింగులూ వరసగా తిరగబడి విడిపోతాయి.

మనిషి స్పృహ తప్పితే? ఎత్తు చూసుకోవడం మరిచిపోతే? దానికీ ఒక పెట్టె ఉంది. 1991లో జర్మనీ నుంచి సైప్రెస్ అనే పరికరం వచ్చింది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తునీ వేగాన్నీ లెక్కగడుతూ ఉంటుంది. 750 అడుగుల దగ్గర మనిషి ఇంకా ఫ్రీఫాల్ వేగంతోనే, అంటే పారాచూట్ లేకుండా పడే వేగంతోనే, పడుతుంటే, రిజర్వ్‌ని కట్టి ఉంచిన దారాన్ని అదే కోసేస్తుంది.

ఇక రిజర్వ్. మెయిన్‌ని ఎవరిది వాళ్ళు మడుచుకోవచ్చు, చెయ్యి తిరిగినవాళ్ళకి పావుగంట పని. రిజర్వ్‌ని మాత్రం లైసెన్సున్న రిగ్గరే, అంటే పారాచూట్లు పరీక్షించి మడిచే పనివాడే, ముట్టాలి. అమెరికా నిబంధన ప్రకారం 180 రోజులకోసారి, వాడినా వాడకపోయినా, విప్పి పరీక్షించి మళ్ళీ మడిచి సీలు వేయాలి. తేదీ, సంతకం ఒక చిన్న కార్డు మీద రాసి ఆ సంచిలోనే ఉంచుతారు.

1970ల్లో అమెరికాలో ఈ ఆటలో ఏటా సగటున 40 మందికి పైగా చనిపోయేవారు. 2023లో సుమారు 36.5 లక్షల జంపులకి చనిపోయింది 10 మంది. అక్క ప్రశ్నకి ఇంజనీర్లు ఇచ్చిన జవాబు అది.

దిగడం

ఎవరూ అడగని ప్రశ్న ఇక్కడ వస్తుంది. రెండు పారాచూట్లు, మూడు రింగులు, ఒక పెట్టె ఇన్ని ఉండగా ఇంకా ఎలా పోతున్నారు? ఎన్నో ఏళ్ళుగా ముందు వరసలో ఉండే కారణం ఇది: పారాచూట్ చక్కగా తెరుచుకున్నాక, అంతా బాగుందనుకున్నాక, నేల దగ్గరలో వేసే ఒక్క తప్పు మలుపు.

రెక్క తిరగాలంటే ఒక పక్కకి వంగాలి. వంగితే ముక్కు దించి దూసుకుపోతుంది, కింద వేలాడే మనిషి లోలకంలా బయటికి విసిరినట్టవుతాడు. వెయ్యి అడుగుల దగ్గర ఇదంతా సరదా. వంద అడుగుల దగ్గర రెక్క మళ్ళీ నిలదొక్కుకునే లోపు నేల వచ్చేస్తుంది. ఎదురుగా తీగ కనబడిందనో గాలి దిశ తప్పానేమోననో చివరి క్షణంలో రెక్కని తిప్పే రెండు పిడుల్లో (ఇందాకటి పిడులు కావు, ఇవి వేరు) ఒకదాన్ని గట్టిగా లాగేస్తారు. అందుకే శిక్షకులు మళ్ళీ మళ్ళీ చెబుతారు: తక్కువ ఎత్తులో పెద్ద మలుపు వద్దు, గాలికి ఎదురు కాకపోయినా సరే రెక్క సమంగా పెట్టుకుని దిగు.

మా తోటలో దింపు తీసే ఆయనకి ఈ సంగతి చెప్పాను. ఇరవై ఏళ్ళుగా రోజూ కొబ్బరిచెట్లు ఎక్కి దిగే మనిషి. ఆశ్చర్యపోలేదు. "ఆయ్, ఎక్కేటప్పుడు భయం ఉంటదండి, చెయ్యి గట్టిగా పట్టుకుంటదండి. దిగేటప్పుడు మనసు ముందే దిగిపోద్దండి. నాకు తెలిసి పడ్డోళ్ళంతా దిగేటప్పుడు పడ్డోళ్ళేనండి" అన్నాడు. నేను చదివిన పేజీలన్నిట్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా దిగడమంటే విమానం దిగినట్టే. ముందు గాలివాటున వచ్చి, పక్కకి తిరిగి, సుమారు 300 అడుగుల దగ్గర గాలికి ఎదురు నిలిచి తిన్నగా రావాలి. నేల పది అడుగుల దూరంలో ఉండగా ఆ తిప్పే పిడులు రెండూ కలిపి కిందికి లాగాలి. దీన్ని ఫ్లేర్ అంటారు. రెక్క వెనక అంచు వంగి, ముందుకి పోయే వేగం కాసేపు పైకి లేపే బలంగా మారుతుంది. కొంగ చెరువు గట్టున వాలేటప్పుడు చివర్లో రెక్కలు వెనక్కి విరిచి ఆగుతుంది చూడండి, అదే. ముందే లాగితే పైన ఆగి కింద పడతాం, ఆలస్యమైతే చీలమండలు పోతాయి. శిక్షకుడి ఒంటికి కట్టుకుని దూకే టాండెమ్‌లో కూర్చున్నట్టుగా కాళ్ళు పైకెత్తమనేది అందుకే.

మన డెల్టా మీద ఇలా దిగడం ఎలా ఉంటుందని ఊహించి చూశాను. పైనుంచి మెత్తటి పచ్చటి పరుపులా కనిపిస్తుంది. కోనసీమలో అడుగడుగునా తోటలు, తోటల మధ్య హైటెన్షన్ లైన్లు. కొబ్బరి వరస వెనక గాలి సుడి తిరుగుతుంది, అడ్డు ఎత్తుకి పది నుంచి ఇరవై రెట్ల దూరం దాకా ఆ అలజడి ఉంటుందని లెక్క. అంటే 60 అడుగుల చెట్టు వెనక 600 నుంచి 1,200 అడుగులు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. ఎండిన చేను మీద గాలి పైకి లేస్తుంది, చెరువు మీద కుంగుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో అయితే ఏరియేటర్లు, వాటికి కరెంటు తీగలు. పైగా నిశ్చలంగా ఉన్న నీళ్ళ మీద ఎత్తు కంటికి ఆనదు. రెండడుగులే ఉందనుకుని వందడుగుల మీంచి పారాచూట్ వదిలేసినవాళ్ళున్నారు. అందుకే నీళ్ళలో దిగాల్సి వస్తే కాళ్ళు తడిసేదాకా పారాచూట్ వదలొద్దంటారు. డ్రాప్ జోన్ అంటే విమానం ఎగిరే చోటు మాత్రమే కాదు. చుట్టూ ఏ అడ్డూ లేని విశాలమైన నేల దొరికే చోటు. ఇంత అందమైన మన నేల ఆ ఒక్క లెక్కలో సరిపోదు.

ఆట ఏది?

దూకి దిగితే ఆట ఎలా అవుతుందని అడగొచ్చు. 1951లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగినప్పటి నుంచీ పాతుకున్న పోటీ అక్యురసీ. నేల మీద మెత్త, దాని నడుమ రెండు సెంటీమీటర్ల చుక్క. ఆకాశంలోంచి వచ్చి మడమతో ఆ చుక్కని తొక్కాలి. ఫార్మేషన్‌లో నలుగురు కలిసి దూకి, 35 సెకన్లలో ఒకరినొకరు పట్టుకుని చెప్పిన ఆకారాలు ఎన్ని కట్టగలరో లెక్క. అయిదో మనిషి తలకి కెమెరా పెట్టుకుని మీద నుంచి తీస్తాడు, మార్కులు ఆ వీడియో చూసి వేస్తారు. 2006 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్‌లో 400 మంది ఒకే ఆకారంగా చేతులు కలిపారు. గుడ్డరెక్కలు కుట్టిన దుస్తులతో ఎగిరే వింగ్‌సూట్, నిలువుగానో తలకిందులుగానో పడే ఫ్రీఫ్లై, గంటకి 500 కిలోమీటర్లు దాటిన స్పీడ్ పోటీ కూడా ఉన్నాయి. నిలువు గాలి సొరంగంలో ఎగరడం ఫార్మేషన్, ఫ్రీఫ్లై లాంటివాటికి సాధన, హైదరాబాద్ గండిపేటలో అలాంటిది ఒకటుంది.

మన దేశంలో ఈ ఆట చాలాకాలం సైన్యం పక్కనే నడిచింది. ఆగ్రాలోని పారాట్రూపర్ల శిక్షణ కేంద్రమే దానికి పుట్టిల్లు. రేచల్ థామస్ 1979లో అక్కడ దూకడం మొదలుపెట్టారు, 2002లో ఉత్తర ధ్రువం మీద దూకారు. పుణెకి చెందిన శీతల్ మహాజన్ 2004లో తన మొట్టమొదటి జంపే ఉత్తర ధ్రువం మీద చేశారు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. 2022లో కేంద్రం జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానం తెచ్చింది, స్కైడైవింగ్ అందులో ఉంది. మామూలు మనుషులు దూకే చోట్లలో ఎక్కువగా వినిపించే పేరు హరియాణాలోని నార్నౌల్.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు శిక్షకుడి ఒంటికి కట్టుకుని టాండెమ్ దూకుతారు. పాతికవేల పైమాటే. ఇద్దరి బరువుకి వేగం మితిమీరకుండా డ్రోగ్ అనే చిన్న పారాచూట్ ముందే వేస్తారు. ఆట నేర్చుకోవాలంటే ఇది చాలదు. ఏఎఫ్ఎఫ్ అనే పద్ధతిలో ఇద్దరు శిక్షకులు చెరోవైపు పట్టుకుని పడుతూ, మెట్టు మెట్టుకీ చేతులు వదులుతారు. అమెరికా పద్ధతిలో మొదటి లైసెన్సుకి కనీసం 25 జంపులు. వెన్నునొప్పి, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా పోకూడదు. జీవిత బీమా పత్రాల్లో సాహస క్రీడలకి బీమా వర్తించదన్న షరతు ఉందో లేదో చూసుకోవాలి. ఇది మావాడు చూసుకోలేదు, నేను చూశాను. ఉంది.

ఇవన్నీ అక్కకి ఒక ఆదివారం పూర్తిగా చెప్పాను. మధ్యలో లేచి పొయ్యి మీద పాలు దింపి వచ్చింది కానీ ఒక్క ముక్క వదల్లేదు. స్లైడర్ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. చివరికి ఫోన్ తీసి, కొడుకు బుక్ చేసుకున్న చోటికి తనే చేసింది. అవతల కుర్రాడు ధర గురించి మొదలుపెడుతుంటే ఆపింది.

"బాబూ, మా వాడికిచ్చే సంచిలో ఆ రెండో గొడుగు ఉంటదంటగా, అది మొన్నెప్పుడు మడిచారో కార్డు చూసి చెప్పవా?"

అవతల కాసేపు నిశ్శబ్దం. ఎవర్నో పిలిచారు. సంచి జిప్పు తీసిన చప్పుడు వినబడింది. అతను తేదీ చదువుతుంటే అక్క కేలెండరు మీద వేలితో నెలలు లెక్కపెట్టుకుంటోంది.